కొత్త బిల్డింగులకి పార్కింగ్ తప్పనిసరి అన్న రూలు తీసేయాలి: వైజాగ్ వాళ్లు ఏమంటారు?

దొండపర్తి గురుడు | శనివారం రాత్రి 9:40

అక్కయ్యపాలెంలో మా అత్తగారికి 300 గజాల్లో పాత పెంకుటిల్లు ఉంది. రోడ్డు వైపు చిన్న గది. ఆ గదిలో ఆవిడ ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఇల్లు పడగొట్టి చిన్న అపార్ట్‌మెంట్ వేద్దామని ప్లాన్ గీయించాం. సెట్‌బ్యాకులు, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, పోగా కింద సుమారు 1,600 చదరపు అడుగులు మిగిలింది. అదంతా స్టిల్ట్ పార్కింగే, అంటే బిల్డింగుని పిల్లర్ల మీద లేపి కింద కార్లకి వదిలేసే అంతస్తు. పైన మూడంతస్తులు, ఆరు ఫ్లాట్లు. కుట్టు గది ప్లాన్‌లో లేదు. అడిగితే "కింద షాపు చూపిస్తే దానికి మళ్లీ వేరే పార్కింగ్ చూపించాలి సార్" అన్నాడు గీసినాయన.

మా రెండు కుటుంబాలకీ కలిపి ఉన్నది ఒక యాక్టివా, మా బామ్మర్ది సైకిలు. ఆ కాగితం చూసి అత్తగారు అన్న మాట: "లేని కార్లకి ఇంత జాగానా బాబూ, మరి నా మిషను ఎక్కడ పెట్టుకోను?"

అప్పట్నుంచీ ఈ విషయమే చదువుతున్నాను. మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 ప్రకారం పార్కింగ్‌ని మొత్తం కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం అని లెక్క కడతారు. ఆ ఇంట్లో ఎవరుంటారు, వాళ్లకి కారుందా, బస్టాప్ పక్కనే ఉందా అన్నది లెక్కలోకి రాదు. నా ఉద్దేశం సూటిగా చెప్తున్నాను: కొత్త బిల్డింగులకి ఇంత పార్కింగ్ ఉండి తీరాలన్న కనీస లెక్క ఎత్తేయాలి. కావాలన్నవాడు కట్టుకుంటాడు, అక్కర్లేనివాడు కట్టుకోడు. తిట్టేవాళ్లు తిట్టండి, కాకపోతే కారణం చెప్పి తిట్టండి.

ఎంవీపీ సెక్టార్ 6 | శనివారం రాత్రి 10:05

కారణం చెప్పే తిడతాను బాబూ. రిటైరై పదేళ్లయింది. రోజూ పొద్దున్న నా గేటు ముందు ఎవడిదో తెలియని కారు ఉంటుంది. హారన్ కొట్టి, వాచ్‌మన్లని లేపి, పక్క బిల్డింగు వాట్సాప్ గ్రూపులో నంబర్ ప్లేటు ఫొటో పెట్టి, అరగంటకి బండి తీయిస్తాను. రూలు ఉండగానే ఇలా ఉంది. తీసేస్తే బిల్డరు ఆ స్టిల్ట్‌లో కూడా రెండు ఫ్లాట్లు వేసి అమ్ముకుని వెళ్లిపోతాడు. కార్లు మాత్రం వస్తాయి. అవి ఎక్కడికి వెళ్తాయి? నా గేటు ముందుకే.

మీ అత్తగారి మిషను సంగతి బాధగానే ఉంది. దాని కోసం ఊరంతటి రూలు మార్చేస్తారా?

స్టిల్ట్ మేస్త్రి | శనివారం రాత్రి 10:50

నేను ఇలాంటి ప్లాన్లు గీసేవాణ్ణే, ఎల్‌టీపీని, అంటే లైసెన్సున్న టెక్నికల్ పర్సన్‌ని. గురుడు గారికి గీసింది నేను కాదు లెండి.

ఒక్క కారుకి ఎంత చోటు పడుతుందో చాలామందికి తెలియదు. చిన్న కారు నేల మీద ఆక్రమించేది ఏడు చదరపు మీటర్లు కూడా ఉండదు. కానీ అది లోపలికి రావాలి, తిరగాలి, తలుపు తెరుచుకోవాలి. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021లో ఒక కారుకి ఆరుబయట అయితే 23, స్టిల్ట్ లాంటి కప్పు కింద 28, బేస్‌మెంట్‌లో 32 చదరపు మీటర్లు లెక్కేశారు. 28 అంటే మన లెక్కలో 300 అడుగులు. కారు పడుకునే గదికంటే మనిషి పడుకునే గది చిన్నదన్నమాట. మన దగ్గర కట్టే సింగిల్ బెడ్రూం ఫ్లాట్లో హాలూ బెడ్రూమూ కలిపితే అంత వస్తుంది.

ఇక చిన్న సైట్లో పిల్లర్లు ఒక ఇబ్బంది. పైన గోడలు ఎక్కడ వస్తే కింద పిల్లర్ అక్కడికే వస్తుంది. గురుడు గారి 1,600 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, మోటారు, కరెంటు మీటర్లు, వాచ్‌మన్ గది తీసేస్తే నాలుగు కార్లు పడితే గొప్ప. అందులో వెనకవాడు బయటికి రావాలంటే ముందువాడు కిందికి దిగాలి. డ్రాయింగులో మాత్రం అన్నీ చక్కగా వరసగా నిలబడతాయి. నేనే గీస్తాను కాబట్టి చెప్తున్నాను. నిజంగా కారు తిరుగుతుందా అని చూసి గీసింది తక్కువ, శాతం సరిపోయిందా అని చూసి గీసిందే ఎక్కువ.

కంచరపాలెం కుర్రోడు | శనివారం రాత్రి 11:15

ఏటండీ మేస్త్రి గారూ, నిజం ఒప్పేసుకున్నారు 😄

మా వీధిలో ఒక స్టిల్ట్ ఉంది. ముందు వాచ్‌మన్ గది అన్నారు. దానికి షట్టర్ పెట్టారు. ఇప్పుడు అది కర్రీ పాయింట్. పప్పుచారు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. రూలు పుస్తకంలో అది ఇప్పటికీ కారు పార్కింగే.

స్టిల్ట్ మేస్త్రి | శనివారం రాత్రి 11:30

అదే నేను చెప్పబోయేది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో కొంత భాగం కార్పొరేషన్‌కి మార్ట్‌గేజ్ చేయించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది విడుదలవుతుంది. ఆ రోజుదాకా స్టిల్ట్ అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత ఎవరు వచ్చి చూస్తారు? ఇటుక మీద ఇటుక లేస్తుంది. ఎందుకంటే ఆ రోడ్డుకి నిజంగా కావలసింది షాపు. ఇలా షట్టర్లు వేసినవాళ్లని నేను సమర్థించను. ఆ షాపు ఉండకూడదని ఎవరికి ఎందుకు అనిపించిందో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పూర్ణా మార్కెట్ పిన్ని | ఆదివారం ఉదయం 6:20

మీరు రాత్రంతా నిద్రపోరా?

నేను పుట్టింది కురుపాం మార్కెట్ దగ్గర, మెట్టింది పూర్ణా మార్కెట్ వెనక. ఆ సందుల్లో కింద కొట్టు, పైన కాపురం. ఒక్క ఇంటికీ పార్కింగ్ అన్నది లేదు. పండగ ముందు వచ్చి చూడండి, ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ ఇళ్లు ఇవాళ కొత్తగా కడతామంటే ఈ రూలుతో ఒక్కటి కూడా లేవదు. పాతది కూల్చినవాడు మళ్లీ అలాగే కట్టలేడు. పక్క ఇద్దరి స్థలాలూ కొని కలిపితే తప్ప అతనికి లెక్క కుదరదు. అందుకే మా వీధిలో గోడలు బీటలిచ్చినా ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఇబ్బంది లేదని అనను. సామాను దింపే ఆటో ఆగితే వీధి మొత్తం ఆగిపోతుంది. మాకు కావలసింది బండి పది నిమిషాలు ఆగే చోటు. రోజంతా ఒకడి కారు పడుకోడానికి చోటు కాదు.

మధురవాడ టెక్కీ | ఆదివారం ఉదయం 9:10

పిన్నిగారి పాయింట్ బాగుంది, కానీ పాత ఊరు వేరు, మధురవాడ వేరు. పీఎం పాలెంలో నేనుండే చోటు నుంచి ఆఫీసుకి సరైన బస్సు లేదు. మెట్రో గురించి కొన్నేళ్లుగా పేపర్లో చదువుతున్నాం, ఒక్క పిల్లర్ లేవలేదు. ముందు బస్సులు, మెట్రో ఇవ్వండి, తర్వాత పార్కింగ్ తీయండి. బండి కట్టకుండా గుర్రాన్ని అదిలిస్తే ఏం లాభం?

దొండపర్తి గురుడు | ఆదివారం ఉదయం 10:00

టెక్కీ గారూ, ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది. నేను పార్కింగ్ తీసేయమనడం లేదు. ప్రభుత్వం ఇంత కట్టు అని బలవంతం చేయడం ఆపమంటున్నాను. మీ పీఎం పాలెంలో కారు లేకుండా కుదరదంటే, పార్కింగ్ లేని ఫ్లాటు ఎవరూ కొనరు. అది తెలిసిన బిల్డరు పార్కింగ్ కట్టే తీరతాడు. కారు అక్కర్లేని చోట మాత్రమే తగ్గుతుంది.

ఇది నా సొంత ఆలోచన కూడా కాదు. అమెరికాలో బఫెలో నగరం 2017లో ఊరంతటికీ ఈ కనీస లెక్క ఎత్తేసింది. అదే ఏడాది మెక్సికో సిటీ ఇంకో అడుగు ముందుకేసి, కనీసం అన్న చోట గరిష్ఠం అని రాసింది. అంటే ఇంతకు మించి కట్టకూడదని. న్యూజిలాండ్ 2020లో దేశస్థాయి విధానమే తెచ్చింది. లండన్‌లో 2004లో తీసేశారు. తర్వాత పరిశోధకులు లెక్కేస్తే కొత్త ఇళ్లలో ఒక్కోదానికి 1.1గా ఉన్న పార్కింగ్ 0.63కి వచ్చింది. చూశారా, సున్నాకి రాలేదు. కొన్నవాళ్లకి ఎంత కావాలో అంతకి దిగింది. మిగతాది, అంటే నలభై శాతం పైగా, ఎవరికీ అక్కర్లేకుండానే ఇన్నాళ్లూ కట్టించారు.

డొనాల్డ్ షూప్ అని లాస్ ఏంజెలెస్‌లో ప్రొఫెసరు, 2025 ఫిబ్రవరిలో పోయారు. ఆయన జీవితమంతా చెప్పింది ఇదే: ఊరికే దొరికే పార్కింగ్ ఊరికే రాదు, దాని ఖర్చు అద్దెలోనూ కూరగాయల ధరలోనూ కలిసిపోయి ఉంటుంది, కారు లేనివాడు కూడా కడుతుంటాడు.

మధురవాడ టెక్కీ | ఆదివారం ఉదయం 10:25

లండన్‌లో ట్యూబ్ ఉంది బాస్. మనకి బస్సులకే విడిగా లేను వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, దాని మధ్య లేన్లో కార్లు ఉన్నాయి 🙂

దొండపర్తి గురుడు | ఆదివారం ఉదయం 10:40

ఒప్పుకుంటాను, అది నొప్పి పుట్టించే మాటే. సరే, ఊరంతా ఒకేసారి వద్దంటే సావో పౌలో చేసినట్టు చేద్దాం. వాళ్లు 2014 మాస్టర్ ప్లాన్‌లో ముందు బస్సు, రైలు దారుల పక్కన తీసేశారు. కాలిఫోర్నియాలో 2023 నుంచి పెద్ద రవాణా స్టాపుకి అర మైలు లోపల కడితే పార్కింగ్ అడగకూడదు. మనకి పెందుర్తి, సింహాచలం బీఆర్‌టీఎస్ కారిడార్లు రెండూ ఉన్నాయి కదా. మద్దిలపాలెం, ఆర్టీసీ కాంప్లెక్స్, ఎన్ఏడీ కొత్త రోడ్డు, గాజువాక చుట్టూ బస్సులకి లోటు లేదు. అక్కడ మొదలుపెట్టొచ్చు. 300 గజాల లోపు చిన్న సైట్లకి మాత్రం ఎక్కడున్నా తీసేయాలి. ఈ చివరి దాంట్లో నా స్వార్థం ఉందని ముందే చెప్పేస్తున్నాను.

గాజువాక సిస్టర్ | ఆదివారం మధ్యాహ్నం 2:45

నైట్ డ్యూటీ దిగి పడుకుని ఇప్పుడే చూశాను. హాస్పిటల్లో నర్సుని. బస్సులో వెళ్తాను, బస్సులో వస్తాను. స్త్రీశక్తి వచ్చాక టికెట్ ఖర్చు కూడా లేదు.

కిందటేడు అద్దె ఇల్లు వెతికినప్పుడు ఓనరు చెప్పాడు, "అద్దెలో కార్ పార్కింగ్ కూడా ఉందమ్మా" అని. నాకు కారు లేదండీ, ఆ పార్కింగ్ వేరే ఎవరికైనా ఇచ్చుకుని అద్దె తగ్గించండి అంటే నవ్వాడు. ఇప్పుడు ఆ చోటులో పై ఫ్లాటు వాళ్ల రెండో కారు ఉంటుంది. అద్దె నాది, నీడ వాళ్ల కారుది.

ఇంకో సంగతి. నేను పనిచేసే చోట కాదు, మా నాన్నని చూపించిన ఇంకో ఆసుపత్రిలో సెల్లారు ప్లాన్‌లో పార్కింగే అయ్యుంటుంది. వెళ్లి చూస్తే ఒక పక్క ల్యాబ్, ఒక పక్క మందుల షాపు. పేషెంట్లని తెచ్చిన కార్లన్నీ రోడ్డు మీద. అంబులెన్సు ఆ కార్ల మధ్య నుంచి రివర్స్ చేసుకుంటూ వచ్చింది. రూలు ఉంటే రోడ్డు ఖాళీగా ఉంటుందని ఎంవీపీ అంకుల్ అంటున్నారు కదా, ఆ రూలు అక్కడ కూడా ఉంది.

ఎంవీపీ సెక్టార్ 6 | ఆదివారం మధ్యాహ్నం 3:30

అమ్మా, నువ్వు చెప్పేది రూలు అమలు చేయలేదన్న మాట. అమలు చేయండి అనాలి గానీ రూలే వద్దంటే ఎలా? హెల్మెట్ ఎవరూ పెట్టుకోవడం లేదని హెల్మెట్ రూలు తీసేస్తామా?

స్టిల్ట్ మేస్త్రి | ఆదివారం సాయంత్రం 4:10

సార్, హెల్మెట్ పెట్టుకోకపోతే తల పగులుతుంది. స్టిల్ట్‌లో మూడు కార్ల చోటు ఖాళీగా ఉంటే ఏం పగులుతుంది? ఫైరింజను తిరగడానికి, గాలి వెలుతురుకి సెట్‌బ్యాకులు విడిగా ఉన్నాయి. వాటిని ముట్టుకోమని ఎవరూ అనడం లేదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు.

అమ్మకం గురించి కూడా ఒక మాట. 2010లో సుప్రీంకోర్టు ముంబై కేసులో స్టిల్ట్ పార్కింగ్‌ని బిల్డరు విడిగా ఫ్లాటులా అమ్ముకోకూడదని తీర్పిచ్చింది. రియల్ ఎస్టేట్ కొనుగోళ్ల కోసం తెచ్చిన రెరా చట్టంలో ఓపెన్ పార్కింగ్ కామన్ ఏరియా కిందే వస్తుంది. బయట మాత్రం "పార్కింగ్‌కి ఇంత ఎక్స్‌ట్రా" అన్న మాట వినని కొనుగోలుదారుడు ఉన్నాడా? ఖర్చు ఉంది కాబట్టి ఏదో పేరుతో వసూలు చేస్తారు. ఈమధ్య నేను చూసిన ఒక పనిలో స్టిల్ట్ భాగానికే అడుగుకి వెయ్యి దాటింది. ఒక కారు చోటు 300 అడుగులు. మూడు లక్షలు, నేల విలువ కాకుండా. సిస్టర్ గారి అద్దెలో ఉన్నది అదే.

లాసన్స్ బే | ఆదివారం సాయంత్రం 5:00

సెల్లార్ల మాట వచ్చింది కాబట్టి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మా బిల్డింగుకి సెల్లార్ పార్కింగ్. నీళ్లు మెట్ల మీదకి వచ్చేశాయి. కరెంటు లేదు, మోటారు ఆడదు. నా మారుతి నాలుగు రోజులు నీళ్లలో కూర్చుంది. తలుపు తీస్తే సీటు కింద నుంచి చిన్న పీత వచ్చింది, ఒట్టు. సముద్రానికి ఇంత దగ్గర నేల తవ్వి కార్లు పెట్టమని చెప్పే లెక్కకి వైజాగ్ అంటే ఏంటో తెలియదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. మధ్యలో ఉన్నదే జాగా. దాన్ని కార్లకి పంచుతున్నాం.

షిప్‌యార్డ్ మాజీ | ఆదివారం సాయంత్రం 6:15

ఎంవీపీ గారి బాధకి మందు వేరే ఉంది. ఉద్యోగరీత్యా జపాన్ వెళ్లి కొన్నాళ్లు ఉన్నాను. అక్కడ 1962 నుంచి చట్టం: కారు కొనాలంటే ఇంటికి దగ్గర్లో, ఇప్పటి లెక్కలో రెండు కిలోమీటర్ల లోపల, నీకు పార్కింగ్ ఉందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రాత్రంతా రోడ్డు మీద పెట్టనివ్వరు. భారం ఇల్లు కట్టేవాడి మీద కాదు, కారు కొనేవాడి మీద. అందుకే చిన్న సందుల్లో కూడా గేటు ముందు కారుండదు. ఖాళీ జాగా ఉన్నవాడు నాలుగు కార్లకి నెలకింత అని అద్దెకిచ్చుకుంటాడు.

కంచరపాలెం కుర్రోడు | ఆదివారం సాయంత్రం 6:30

మన దగ్గర అలా పెడితే వారంలో ఆర్టీవో ఆఫీసు బయట జిరాక్స్ షాపులో పార్కింగ్ అగ్రిమెంట్లు దొరుకుతాయి. స్టాంప్ పేపరుతో కలిపి. ఒకే చోటు నలభై మందికి అద్దెకిచ్చినట్టు ఉంటుంది 😄

పూర్ణా మార్కెట్ పిన్ని | ఆదివారం రాత్రి 7:05

కుర్రోడా, నవ్వాపుకోలేకపోయాను. కానీ రోడ్డు మీద పెట్టినందుకు డబ్బులు తీసుకుంటే ఆ దొంగ కాగితాల బాధ కూడా ఉండదు కదా? జగదాంబ దగ్గర మల్టీలెవెల్ పార్కింగ్ ఉంది. దాని పక్క రోడ్డు మీదే బళ్లు ఉంటాయి. బయట ఊరికే వస్తుంటే లోపలికి డబ్బులిచ్చి ఎవడెళ్తాడు? నేను కూరగాయల బండి పెట్టుకుంటే ఆశీలు కట్టాలి. అంతకు నాలుగింతల జాగాలో కారు పెట్టినవాడు ఎందుకు కట్టడు?

దొండపర్తి గురుడు | ఆదివారం రాత్రి 8:00

పిన్నిగారూ, 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలో దాదాపు మీ మాటే ఉంది. బండి ఆక్రమించే నేల విలువ పార్కింగ్ ఫీజులో కనబడాలని. రాసి ఇరవై ఏళ్లవుతోంది.

నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. కనీస పార్కింగ్ ఒక్కటే తీసేసి రోడ్డు ఊరికే వదిలేస్తే ఎంవీపీ గారు భయపడుతున్నదే జరుగుతుంది. రోడ్డు మీద రుసుము, రాత్రి పార్కింగ్‌కి కాలనీ పర్మిట్, సామాను దింపుకునే చోటు, వికలాంగుల బండికి చోటు కూడా దానితోపాటే రావాలి. టూవీలర్లకి స్టాండు ఎలాగూ అందరూ పెట్టుకుంటారు. ఇది కార్పొరేషన్ ఒక్కటే చేసే పని కూడా కాదు, బిల్డింగ్ రూల్స్ రాష్ట్ర పురపాలక శాఖవి. అర్జీ రాస్తే అక్కడికే రాయాలి. మేస్త్రి గారూ, లెక్కలు మీరు సరిచూస్తారా?

స్టిల్ట్ మేస్త్రి | ఆదివారం రాత్రి 8:20

చూస్తాను. నా పేరు మాత్రం పెట్టకండి, రేపు ప్లాన్లు పట్టుకుని అదే ఆఫీసుకి వెళ్లాలి.

ఎంవీపీ సెక్టార్ 6 | ఆదివారం రాత్రి 10:40

మీరంతా ఇంత అంటుంటే భోజనం అయ్యాక టార్చి పట్టుకుని కిందికి దిగాను. మా స్టిల్ట్‌లో 12 చోట్లు. కార్లు ఏడు. అందులో రెండు కవరు కప్పినవి, సంక్రాంతికి పిల్లలొచ్చినప్పుడు కదిలినవే. మరో చోటులో 204 వాళ్ల పాత సోఫా, దాని మీద పిల్లి. ఇంకో చోటులో వినాయక చవితి పందిరి కర్రలు. మిగతావి స్కూటర్లు, సిమెంటు బస్తాలు.

తర్వాత గేటు ముందు చూశాను. నాలుగు కార్లున్నాయి. అందులో రెండు మా బిల్డింగువే. లోపలికి తిప్పి పెట్టడం కష్టమని బయట వదిలేస్తున్నారట, వాచ్‌మన్ చెప్పాడు.

నేను ఇంకా ఒప్పుకోలేదు. రోడ్డు మీద రుసుము, పర్మిట్ ముందు పెట్టి చూపించండి, రూలు సంగతి ఆ తర్వాత. అర్జీలో ఆ వరస ఉంటే సంతకం పెడతాను. ఆ సోఫా విషయం రేపు కమిటీలో తేలుస్తాను.

కంచరపాలెం కుర్రోడు | ఆదివారం రాత్రి 10:45

పిల్లికి పర్మిట్ ఉందా అంకుల్?

దొండపర్తి గురుడు | ఆదివారం రాత్రి 11:10

వరస అలాగే పెడతాను సార్, థాంక్స్. బుధవారం లోపు డ్రాఫ్టు ఇక్కడే వేస్తాను.

అత్తగారి ఇంటి ప్లాన్ మాత్రం ఆగదు, బ్యాంకు లోను టైము అయిపోతోంది. పాత రూలు ప్రకారమే కడుతున్నాం. మెట్ల కింద ఐదడుగుల జాగా వచ్చింది. కుట్టు మిషను పడుతుందో లేదో ఇవాళ సాయంత్రం టేపు పెట్టి చూశాను. పడుతుంది, కానీ కుర్చీ వేసుకుంటే కాళ్లు పార్కింగులోకి వస్తాయి.